లిఫ్టులో ఉన్న లెక్క బండి మీద ఎందుకు లేదు?

సూరత్ రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లలో పై అంతస్తుల్లోని దుకాణానికి వెళ్లాలంటే లిఫ్టు ఎక్కాల్సిందే. లిఫ్టుల్లో ఒక చిన్న రేకు మీద రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి: 6 మంది, 408 కిలోలు. మనిషికి 68 కిలోల చొప్పున వేసిన లెక్క అది. మనుషుల సంఖ్య ఒక్కటే రాసి ఊరుకోకుండా కిలోలు కూడా రాయడానికి కారణం ఉంది. ఆరుగురూ తలా ఒక చీరల మూటతో ఎక్కితే తలల లెక్క సరిగ్గానే ఉంటుంది, బరువు మాత్రం మించిపోతుంది.

చుట్టూ చూస్తే ఇలాంటి జాగ్రత్త చాలాచోట్ల కనిపిస్తుంది. ఊరికి పంపే బట్టల పార్సిల్‌ను ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కాటా మీద పెట్టి తూస్తారు. లారీని వేబ్రిడ్జి ఎక్కిస్తారు. వంటగ్యాస్ సిలిండర్ మీద ఖాళీ సిలిండర్ బరువు ఎంతో, అందులో నింపిన గ్యాస్ 14.2 కిలోలని రాసి ఉంటుంది. కానీ అదే మార్కెట్ ముందు వరుసగా నిలబెట్టిన బైకుల్లో ఏదైనా ఒకదాని దగ్గరికి వెళ్లి, ఇది ఎన్ని కిలోలు మోయగలదో వెతకండి. చాలా బండ్ల మీద ఆ అంకె కనిపించదు. బండి యజమానిని అడిగితే మైలేజీ ఎంతో టక్కున చెబుతారు, సీసీ ఎంతో చెబుతారు. బరువు సంగతి అడిగితే మాత్రం 'ఇద్దరు హాయిగా వెళ్లొచ్చు' అనే జవాబే వస్తుంది.

ఆ జవాబు చాలదన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట. బైకు మోయగల బరువు బైకు మీదే, కంటికి కనబడేచోట, కిలోల్లో రాసి ఉండాలి. కొనేటప్పుడు ఆ అంకె అడిగే అలవాటు మనకూ రావాలి.

130 కిలోల్లో ఏమేం పడతాయి?

ఆ అంకె లేకపోలేదు. తయారీ కంపెనీలు మాన్యువల్‌లో గరిష్ఠ భారం అని ఒకటి ఇస్తాయి. స్ప్లెండర్ వంటి 100 సీసీ బండికి అది 130 కిలోలు. నడిపేవారు, వెనక కూర్చునేవారు, సామాను, మనం అదనంగా బిగించుకున్న గార్డులు, క్యారియరు అన్నీ కలిపి 130. పెట్రోలు, ఆయిలు మాత్రం ఈ లెక్కలోకి రావు. అవి బండి సొంత బరువులోనే కలిసి ఉంటాయి. ఆ సొంత బరువు ఈ తరగతి బండికి 112 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 350 సీసీ, ఆపై టూరింగ్ బండ్లకు గరిష్ఠ భారం 180 కిలోల దరిదాపుల్లో ఉంటుంది.

130 అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం ప్రామాణిక భారతీయ పురుషుడి బరువు 65 కిలోలు, స్త్రీ బరువు 55 కిలోలు. ఇద్దరూ కలిసి 120. రెండు హెల్మెట్లకు రెండున్నర కిలోలు వేసుకోండి. ముందు గార్డు, చీర గార్డు, వెనక క్యారియరు కలిసి నాలుగైదు కిలోలు. మొత్తం 127. ఇక మిగిలింది మూడు కిలోలు. రెండు లీటరు నీళ్ల సీసాలు, ఒక రెయిన్‌కోటు పెడితే అదీ అయిపోయింది. బట్టల సంచికి చోటు లేదు.

ఇది పుస్తకంలోని దంపతుల లెక్క. భర్త 75, భార్య 62 కిలోలు ఉంటే సంచి తీయకముందే 137 అవుతుంది. 65 కిలోల స్నేహితులిద్దరు ఎక్కితే హెల్మెట్ పెట్టుకునే లోపే లెక్క 130కి చేరుతుంది. లిఫ్టు లెక్క ప్రకారం మనిషికి 68 వేసినా ఇద్దరు 136. 'ఇద్దరు హాయిగా వెళ్లొచ్చు' అన్న మాటలో దాగి ఉన్న చిక్కు ఇదే. ఇద్దరు అనేది సంఖ్య మాత్రమే. బండికి తెలిసేది బరువు.

సూరత్ తెలుగువారికి ఈ లెక్క ఎందుకు?

కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ సూరత్ చేరిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు మాట వినబడుతుంది. ఇలాంటి ఇళ్లలో బైకు ఒక్కటే వాహనం. వారమంతా దానిమీద పనికి వెళతారు, ఒక్కోసారి చీరల మూటలూ వేస్తారు. చీర ఒక్కోటి అర కిలో అనుకున్నా, వంద చీరల మూట 50 కిలోలు. అదే బండి సెలవు రోజున ఇద్దరినీ, సంచులనూ ఎక్కించుకుని డాంగ్ అడవుల మీదుగా సాపుతారా వెళుతుంది. ఇంకా ముందుకు సాగితే నాసిక్, అక్కడి నుంచి శిర్డీ. సూరత్ నుంచి శిర్డీకి ఈ దారిన సుమారు 300 కిలోమీటర్లు. మధ్యలో సహ్యాద్రి కొండల ఘాట్ రోడ్డు. వానాకాలంలో ఆ కొండలు పచ్చగా ఉంటాయి కాబట్టి జనం ఎక్కువగా వెళ్లేదీ అప్పుడే, రోడ్డు తడిగా ఉండేదీ అప్పుడే.

ఊళ్లో నాలుగు కిలోమీటర్లు 30 వేగంతో వెళ్లే బండికి బరువు కొంచెం మించినా మనకు పెద్దగా తేడా తెలియదు. అదే బరువుతో 60 వేగంలో గంటల తరబడి హైవే మీద, ఆ తర్వాత ఘాట్ మలుపుల్లో వెళ్లడం వేరే పరీక్ష. ఏమేం మారతాయో ఒక్కొక్కటిగా చూద్దాం. లెక్క సులువుగా ఉండేందుకు ఒకే ఉదాహరణ తీసుకుందాం. బండి 112 కిలోలు. 65 కిలోల మనిషి ఒంటరిగా వెళితే మొత్తం 177. అతని వెనక 55 కిలోల మనిషి, హెల్మెట్లు, గార్డులు, సామాను కలిపి మరో 30 కిలోలు చేరితే మొత్తం 262. అంటే మోసే భారం 150, పరిమితికి 20 ఎక్కువ. రోడ్డు మీద ఇది అరుదైన దృశ్యమేమీ కాదు.

కాడి లేచిన ఎద్దుబండి

ఎద్దుబండి కట్టిన రైతుకు భౌతికశాస్త్రం చెప్పనక్కర్లేదు. గడ్డి మోపులు బండి తోక వైపు ఎక్కువగా వేస్తే ముందు కాడి ఎద్దుల మెడ మీద నుంచి పైకి లేస్తుందని అతనికి తెలుసు. అందుకే బరువును ఇరుసు మీదికి, కొంచెం ముందుకు సర్దుతాడు. బైకులోనూ ఇదే సూత్రం. ఇక్కడ కాడి స్థానంలో ఉన్నది ముందు చక్రం.

ఒంటరిగా నడిపేటప్పుడు మన 177 కిలోల్లో ముందు చక్రం మీద దాదాపు 70, వెనక చక్రం మీద 107 పడతాయనుకోవచ్చు. వెనక సీటు దాదాపు వెనక ఇరుసుకు నేరుగా పైన ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషి బరువు ఇంచుమించు అంతా వెనక చక్రానికే వెళుతుంది. క్యారియరు ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది. చక్రాల మధ్య దూరం 125 సెంటీమీటర్లు, సంచి ఇరుసుకు 25 సెంటీమీటర్లు వెనక ఉందనుకోండి. అక్కడ 20 కిలోలు పెడితే వెనక చక్రం మీద పడేది 20 కాదు, 24. ఆ అదనపు నాలుగు కిలోలు ముందు చక్రం మీద నుంచి తగ్గుతాయి. లెక్క చివరికి తేలేది ఏమిటంటే, 85 కిలోలు కొత్తగా చేరినా ముందు చక్రానికి ఏమీ చేరలేదు. అది 70 దగ్గరే, ఇంకా చెప్పాలంటే కొంచెం తక్కువగానే ఉండిపోయింది. వెనక చక్రం మాత్రం 107 నుంచి 190 దాటిపోయింది.

ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా మరింత పెరుగుతుంది. ప్రతి 100 మీటర్లకు 8 మీటర్లు ఎక్కే రోడ్డు మీద మరో 12 కిలోల దాకా ముందు నుంచి వెనక్కి మారుతుంది. హ్యాండిల్ తేలికైనట్టు, మలుపులో ముందు చక్రం మాట వినడం లేదన్నట్టు అనిపించేది అందుకే. అది భ్రమ కాదు. తిప్పడానికి, పట్టు నిలపడానికి కావలసిన బరువు ముందు చక్రం మీద నిజంగానే తక్కువగా ఉంది. అదే 20 కిలోల సామానును రెండు సంచులుగా విడగొట్టి సీటు పక్కల కిందికి వేలాడదీస్తే, బరువు ఇరుసుకు ముందుకూ, నేలకు దగ్గరికీ వస్తుంది. కిలోలు మారకుండానే బండి నడక మారుతుంది. కావడి మోసేవాడు రెండు వైపులా సమంగా సర్దుకునే తెలివే ఇక్కడా పనికొస్తుంది.

ఆగడానికి ఒక బస్సు పొడవు ఎక్కువ

బడిలో భౌతికశాస్త్రం బాగా చదివినవారు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. టైరుకు, రోడ్డుకు మధ్య ఘర్షణ బలం బరువుతోపాటే పెరుగుతుంది కదా, అప్పుడు ఆగే దూరం బరువు మీద ఆధారపడకూడదు కదా అని. నిజమే, చక్రం జారిపోయే అంచుదాకా బ్రేకు పట్టగలిగితే. కానీ చిన్న బండ్ల డ్రమ్ బ్రేకు ఇవ్వగల బలానికి ఒక హద్దు ఉంది. మన చేతి పట్టుకు, పాదం నొక్కుకు కూడా హద్దు ఉంది. బ్రేకు ఇచ్చే బలం మారకుండా బరువు మాత్రమే పెరిగితే ఆగే దూరం బరువుతోపాటు పెరుగుతుంది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 177 కిలోల బండి బ్రేకు వేశాక 25 మీటర్లలో ఆగుతుందనుకుందాం. అదే బ్రేకు బలంతో 262 కిలోల బండి ఆగడానికి 37 మీటర్లు కావాలి. తేడా 12 మీటర్లు. అది ఒక బస్సు పొడవు. రోజూ ఒంటరిగా నడుపుతూ చేతికి, కంటికి అలవాటైన దూరం 25. సెలవు రోజున ఇద్దరితో, సామానుతో బయలుదేరినప్పుడు కన్ను ఇంకా ఆ పాత దూరాన్నే నమ్ముతుంది. చిక్కంతా అక్కడే.

దీన్నే శక్తి లెక్కలో చూస్తే ఒక ఉపయోగకరమైన సూత్రం దొరుకుతుంది. ఒంటరి బండికి 60 వేగంలో ఉన్న గతిశక్తి, నిండుగా ఎక్కిన మన బండికి 50 వేగంలోనే వచ్చేస్తుంది. కాబట్టి నిండు బండితో వెళ్లేటప్పుడు మామూలు వేగంలో పది తగ్గించడం పిరికితనం కాదు, లెక్క తెలిసిన పని. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా, ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. మరణాల్లో అత్యధిక భాగానికి కారణంగా నమోదయ్యేది అతివేగం. కానీ అతివేగం అన్నది అన్ని బండ్లకూ ఒకే అంకె కాదు. ఒంటరివాడికి సరిపడే వేగం, నిండు బండికి అతివేగం కావచ్చు.

కొండ దిగేటప్పుడు మరిగే నీళ్లు

కొండ ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది కాబట్టి బరువు ఎక్కువైన సంగతి మనకు తెలుస్తుంది. దిగేటప్పుడు బండి హాయిగా జారుతుంది, అందుకే మోసపోతాం. ఎత్తు మీద ఉన్న బరువులో శక్తి దాగి ఉంటుంది. దిగే కొద్దీ అది ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. మన 262 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 12.8 లక్షల జౌళ్లు విడుదలవుతాయి. గది వేడిలో ఉన్న నాలుగు లీటర్లకు పైగా నీళ్లను మరగబెట్టగల వేడి అది. ఒంటరిగా దిగితే మూడు లీటర్లకు సరిపడే వేడి.

ఇందులో కొంత గాలి తీసుకుంటుంది. బండి గేరులో ఉంటే ఇంజను చాలా భాగం తీసుకుంటుంది. పెట్రోలు ఆదా అవుతుందని క్లచ్ నొక్కి లేదా న్యూట్రల్‌లో దిగితే ఆ భారం దాదాపు అంతా రెండు చిన్న బ్రేకుల మీద పడుతుంది. బ్రేకు లైనింగు వేడెక్కిన కొద్దీ దాని పట్టు తగ్గుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కుతాం, ఇంకా వేడెక్కుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు చెప్పే పాత మాటకు శాస్త్రం ఇదే. నిండు బండికి ఆ మాట రెండింతలు వర్తిస్తుంది.

టైరు పక్కన ఉన్న అంకె, పైకి లేచిన లైటు

టైరు పక్కగోడ మీద సైజు తర్వాత 42పీ, 48పీ, 54పీ లాంటి గుర్తు ఉంటుంది. అందులోని అంకెను భార సూచిక అంటారు. 42 అంటే ఆ టైరు 150 కిలోలు, 48 అంటే 180, 54 అంటే 212 కిలోలు మోయగలదని అర్థం. మన ఉదాహరణలో వెనక చక్రం మీద 190 కిలోలకు పైగా పడుతోంది. అక్కడ 54 ఉంటే సరే. అరిగిన టైరు మార్చేటప్పుడు చవకగా వచ్చిందని 48 వేయించుకుంటే, టైరు తన హద్దు దాటి తిరుగుతుంది. దుకాణంలో సైజు మాత్రమే అడిగి ఊరుకుంటే ఈ తేడా పట్టుబడదు.

ఈ అంకెలన్నీ గాలి సరిగ్గా ఉన్నప్పుడే నిజం. కొన్ని 100 సీసీ బండ్లలో ఒంటరిగా వెళితే వెనక టైరుకు 28 పీఎస్ఐ, ఇద్దరైతే 40 చుట్టుపక్కల ఉండాలని కంపెనీ చెబుతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి తిరుగుడులో ఎక్కువగా నలుగుతుంది. నలిగిన రబ్బరు వేడెక్కుతుంది. మే నెల ఎండలో, కాలే రోడ్డు మీద, గంటల తరబడి అలా తిరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గాలి కొట్టించేటప్పుడు 'మామూలుగా కొట్టు' అనడం కాకుండా, ఇద్దరికి ఎంతో చూసి చెప్పాలి.

ఎదుటివారిని కూడా ఇబ్బంది పెట్టే మార్పు మరొకటి ఉంది. బరువుకు బండి వెనక భాగం మూడు సెంటీమీటర్లు ఎక్కువగా కుంగిందనుకోండి. బండి ముక్కు ఆ మేరకు పైకి చూస్తుంది. దానితోపాటు హెడ్‌లైటు కూడా. 25 మీటర్ల దూరంలో ఆ వెలుగు దాదాపు 60 సెంటీమీటర్లు పైకి వెళుతుంది. మన ముందున్న రోడ్డు మీద గుంత చీకట్లో ఉండిపోతుంది, ఎదురుగా వచ్చేవారి కళ్లలో మాత్రం లైటు పడుతుంది. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ అడుగున మెట్లు ఉన్న బండ్లలో, బరువు ఎక్కువైనప్పుడు ఒకటి రెండు మెట్లు బిగిస్తే ఈ కుంగుడు చాలావరకు తగ్గుతుంది. మెకానిక్ దగ్గర ఐదు నిమిషాల పని. అయితే స్ప్రింగ్ బిగించినంత మాత్రాన బండి మోసే పరిమితి పెరగదు. కుంగుడు తగ్గుతుంది, అంతే.

'ఏళ్ల తరబడి మోస్తున్నాం, ఏమైంది?'

ఈ లెక్కలు వినగానే వచ్చే మొదటి ఆక్షేపణ ఇది. కంపెనీలు ఎలాగూ తక్కువ చేసి రాస్తాయి, దేశమంతా ముగ్గురేసి వెళుతున్నారు, ఏ చట్రమూ విరగలేదు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఇంజనీర్లు రాసిన అంకెకు పైన కొంత వెసులుబాటు ఉంచుతారు. కానీ ఆ వెసులుబాటు మనం అదనంగా ఎక్కించే మూట కోసం కాదు. గుంతలో పడినప్పుడు, స్పీడ్ బ్రేకర్ దూకినప్పుడు చక్రం మీద పడే దెబ్బ నిలకడగా ఉన్న బరువు కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. వెసులుబాటు ఆ దెబ్బ కోసం. దాన్ని ముందే మూటతో నింపేస్తే గుంత వచ్చినప్పుడు ఏమీ మిగలదు.

రెండో సంగతి, లోహం ఒక్కరోజులో విరగదు, అలసిపోతుంది. ఇనుప తీగను రెండుసార్లు వంచితే తెగదు, పాతికసార్లు వంచితే తెగుతుంది. స్పోకులు, చట్రం అతుకులు, క్యారియరు బోల్టులు ప్రతి కుదుపుకూ కొంచెం వంగి మళ్లీ లేస్తాయి. బాల్ బేరింగు విషయంలో ఇంజనీర్లు వాడే సూత్రం ఇంకా సూటిగా ఉంటుంది. బేరింగు ఆయుష్షు దాని మీది భారపు ఘనానికి విలోమంగా మారుతుంది. భారం 20 శాతం పెరిగితే ఆయుష్షు 58 శాతానికి పడిపోతుంది. ఒకటిన్నర రెట్లయితే మూడో వంతు కూడా మిగలదు. 'ఏమైంది?' అన్న ప్రశ్నకు జవాబు మెకానిక్ బిల్లులో ఉంటుంది. మనం దాన్ని బరువు ఖాతాలో రాయం, అంతే తేడా.

రెండో ఆక్షేపణ దీనికంటే బరువైనది. మగ్గం మీద, అద్దకం మిల్లులో పనిచేసే కుటుంబానికి ఉన్నది ఒక్క బండి. కారు కొనమంటారా, శిర్డీ మానుకోమంటారా? ఈ ప్రశ్న న్యాయమైనది. అందుకే కొత్త జరిమానా అడగడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రోడ్డు పక్కన కాటా పెట్టి బైకులను తూచమనడం పేదవాడి జేబుకు చిల్లు పెట్టడమే. అడుగుతున్నది సమాచారం. పరిమితి తెలిసిన మనిషి సంచిలో ఐదు కిలోలు తగ్గించుకుంటాడు, గాలి సరిచూసుకుంటాడు, పది వేగం తగ్గిస్తాడు, సామాను విడిగా బస్సులో పంపుతాడు. వీటిలో దేనికీ కారు అక్కర్లేదు. తెలియని మనిషికి ఈ ఎంపికలేవీ లేవు.

చట్టం చూపు తలల మీదే

మోటారు వాహనాల చట్టం 1988లోని 128వ సెక్షన్ ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక ఒక్కరే ఉండాలని చెబుతుంది. మీరితే 194సి కింద 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. 129వ సెక్షన్ హెల్మెట్ సంగతి చూస్తుంది. నిబంధనల్లో వెనక కూర్చునేవారికి పట్టుకునే కమ్మీ, పాదాలకు ఆధారం, చీర చక్రంలో పడకుండా కవచం ఉండాలని ఉంది. ఇవన్నీ మంచి నియమాలే, ప్రాణాలు కాపాడినవే. అయితే రోడ్డు మీద అమలయ్యేవన్నీ తలలను, తల మీది టోపీని లెక్కిస్తాయి. బరువు మించిన వాహనానికి 194వ సెక్షన్‌లో 20,000 రూపాయలు, ఆపై ప్రతి టన్నుకు 2,000 అని ఉన్నది లారీలను మనసులో పెట్టుకుని రాసిన కొలత. టన్నుల్లో ఆలోచించే చోట బైకు మీది 20 కిలోలు కంటికి ఆనవు.

ఫలితం ఏమిటంటే, 45 కిలోల విద్యార్థులు ముగ్గురు ఒక బండి మీద వెళితే పోలీసు ఆపుతాడు, ఆపాల్సిందే కూడా. వాళ్ల మొత్తం బరువు 135. వాళ్ల పక్కనే 85 కిలోల వాళ్లిద్దరు 20 కిలోల సంచితో వెళితే మొత్తం 190. వాళ్లకు అందరూ దారి ఇస్తారు. ముగ్గురు వెళ్లడం ప్రమాదమే, అందులో రెండో మాట లేదు. మూడో మనిషికి కూర్చునే చోటూ లేదు, పట్టుకునే కమ్మీ లేదు. కానీ రెండో బండి క్షేమంగా ఉందని ఆ నియమం మనకు చెప్పకుండానే చెబుతోంది. అది తప్పు సందేశం.

చేయగలిగినవి

మొదటిది కంపెనీల పని. టైరు గాలి ఎంత ఉండాలో చెప్పే స్టిక్కరు చాలా బండ్ల మీద ఇప్పటికే ఉంటుంది. ఆ స్టిక్కరు మీదే మరో వరుస చేర్చడానికి ఖర్చు ఏమీ లేదు: 'మనుషులు, సామాను కలిపి 130 కిలోలు'. షోరూమ్‌లో మైలేజీ రాసిన బోర్డు మీదా, ప్రకటనల్లోనూ ఆ అంకె రావాలి. కొనేవారు అడగడం మొదలుపెడితే కంపెనీలు దాన్ని పెంచడానికి కూడా పోటీపడతాయి. మైలేజీ విషయంలో జరిగింది అదే కదా.

రెండోది రవాణా శాఖ పని. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఉంటుంది. దాని పక్కన మోయగల భారం కూడా, సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో, ప్రాంతీయ భాషల్లో కనిపించాలి. లైసెన్సు పరీక్షలో ఒక్క ప్రశ్న చాలు. ఇద్దరు 65 కిలోల మనుషులు ఎక్కితే 130 కిలోల బండి మీద ఎంత సామాను పెట్టవచ్చు? జవాబు సున్నా అని తెలిసిన రోజు, ఆ అభ్యర్థి జీవితాంతం దాన్ని మరిచిపోడు.

మూడోది మన పని. సూరత్‌లో కాటా వెతుక్కోవాల్సిన పని లేదు, ప్రతి సందులో ఒకటి ఉంటుంది. దూర ప్రయాణానికి ముందు సంచులను ఒకసారి తూయండి. ఇంట్లోవాళ్ల బరువులు కలపండి. మాన్యువల్ తెరిచి గరిష్ఠ భారం చూసి, ఒక కాగితం మీద రాసి పెట్రోలు ట్యాంకు పక్కన అతికించండి. మించితే ముందు తగ్గించగలిగింది సామానే కాబట్టి దాన్ని తగ్గించండి. మిగిలింది ఇరుసుకు ముందుకు, కిందికి సర్దండి. వెనక టైరుకు ఇద్దరి గాలి కొట్టించండి. కొత్త బండి కొనబోయేవారు నెలకు ఎన్నిసార్లు ఇద్దరు వెళతారో, ఎంత సామాను వేస్తారో ముందు రాసుకుని ఆ తర్వాతే సీసీ, రంగు గురించి ఆలోచించండి. వారానికోసారి మూటలు వేసేవారికి పది కిలోల అదనపు పరిమితి, లీటరుకు రెండు కిలోమీటర్ల అదనపు మైలేజీ కంటే విలువైనది.

బరువు గురించి మాట్లాడటం మర్యాద కాదని మనకో అలవాటు ఉంది. వెనక ఎక్కే మనిషిని 'మీరు ఎన్ని కిలోలు?' అని ఎవరూ అడగరు. అడగకపోయినా ఆ అంకెను టైరు మోస్తుంది, బ్రేకు మోస్తుంది, మలుపులో ముందు చక్రం లెక్క చూసుకుంటుంది. ఆ లెక్క బయలుదేరేముందు ఇంటి గుమ్మం దగ్గర తేల్చుకుంటే ఖర్చయ్యేది పది నిమిషాలు.